విమానం - మానం

ప్రవేశిక

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులలో 'పైలెట్ కావాలి' అనే కోరిక గలవారు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. ఆ కోరిక గొప్పది. కాని దానికి ఎంత ధనం కావాలి, ఎంత కాలం కావాలి, శరీరానికి ఏ యోగ్యత ఉండాలి అనే విషయాలు వారికి చెప్పేవారు తక్కువ. విమానం నడపడం నేర్చుకొనుటలో గల వ్యయప్రయాసలను, అనుసరింపదగిన జాగ్రత్తలను తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో 'విమానం' అనే మాటకు రెండు అర్థాలు ప్రసిద్ధం. ఒకటి ఆకాశంలో పయనించే వాహనం. రెండవది దేవాలయంలో గర్భగృహం మీద నిలిచే కట్టడం. 'మానం' అంటే కొలత. వివిధములైన కొలతలతో నిర్మింపబడినది కనుక గుడి మీది కట్టడానికి విమానమనే పేరు కలిగినదని శిల్పశాస్త్రజ్ఞులు చెబుతారు. ఓరుగల్లు సీమవారికి దీనికి దృష్టాంతం దూరాన లేదు. క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప దేవాలయ విమానానికి నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలను వాడినారు. పునాది ఎంత బరువును మోయగలదో కొలిచి, పైభాగాన్ని ఆ మేరకు తేలిక చేసిన ఆనాటి స్థపతుల వివేకం మెచ్చదగినది. 2021లో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించినది.

గుడి మీది విమానానికైనా, గాలిలోని విమానానికైనా కొలతయే ప్రాణం. గాలిలోకి లేవదలచిన విద్యార్థి మొదట నాలుగింటిని కొలుచుకోవాలి. అవి శరీరం, చదువు, ధనం, కాలం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లెక్క తప్పినా మిగిలిన మూడూ వ్యర్థమవుతాయి.

మన ప్రాంతం - విమానయానం

విమానయానం మన ప్రాంతానికి కొత్త కాదు. వరంగల్లు సమీపంలోని మామునూరు విమానాశ్రయం నిజాం పాలనాకాలంలో ఏర్పడినది. తరువాతి కాలంలో రాకపోకలు నిలిచిపోయి, అది దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉండిపోయినది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ దాని పునరుద్ధరణకు అనుమతి ఇచ్చినది.

హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం నుండి సాధారణ ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాదుకు తరలిపోయినవి. అయినను బేగంపేట శిక్షణ కేంద్రంగా పేరు నిలుపుకున్నది. ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా ఉన్న ప్రభుత్వ సంస్థ, రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అయినది. దుండిగల్లులోని వైమానికదళ అకాడమీ దేశరక్షణకు పైలెట్లను తీర్చిదిద్దుతున్నది. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనే ముగ్గురు యువతులు భారత వైమానికదళంలో తొలి మహిళా యుద్ధవిమాన పైలెట్లుగా పట్టాలు అందుకొన్నది అక్కడే.

అంతకు ఏడు దశాబ్దాల ముందు జరిగిన మరొక విషయం కూడ స్మరింపదగినది. 1947లో వాణిజ్య పైలెట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌కు, స్త్రీ అన్న కారణంగా పలు విమాన సంస్థలు ఉద్యోగం నిరాకరించినవి. ఆమెను చేర్చుకొన్నది హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలెట్‌కు చోటిచ్చిన ఘనత ఆ విధంగా మన నగరానికి దక్కినది.

మొదటి కొలత - శరీరం

పైలెట్ కాదలచినవారు రుసుము చెల్లించుటకు ముందే వైద్యపరీక్ష చేయించుకోవాలి. ఇది అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డి.జి.సి.ఎ., ఆమోదించిన వైద్యులు మాత్రమే ఈ పరీక్షలు జరుపుతారు. మొదట రెండవ తరగతి వైద్య ధ్రువపత్రం, వాణిజ్య లైసెన్సుకు మొదటి తరగతి వైద్య ధ్రువపత్రం అవసరం. కళ్ళద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. అద్దాలతో చూపు సరిపడితే చాలును. కాని రంగులను గుర్తించలేని దోషం ఉన్నవారికి ఈ వృత్తిలో ప్రవేశం కష్టం. రన్‌వే దీపాలు, సంకేత కాంతులు, పటాల మీది గుర్తులు రంగులతోనే మాట్లాడుతాయి. ఆ దోషం తనకున్నదని సగం రుసుము చెల్లించిన తరువాత తెలుసుకొన్న విద్యార్థి పరిస్థితి ఊహింపుడు. కొన్ని వేల రూపాయలతో ముందే తేలవలసిన విషయం లక్షల నష్టానికి దారి తీస్తుంది.

రెండవ కొలత - చదువు

పదహారేళ్ళు నిండినవారికి విద్యార్థి పైలెట్ లైసెన్సు, పదిహేడేళ్ళకు ప్రైవేటు పైలెట్ లైసెన్సు, పద్దెనిమిదేళ్ళకు వాణిజ్య పైలెట్ లైసెన్సు పొందే అవకాశం ఉన్నది. ప్రైవేటు లైసెన్సు గలవారు ఇష్టానికి విమానం నడపవచ్చును గాని, దానితో జీతం సంపాదించరాదు. ఉద్యోగానికి వాణిజ్య లైసెన్సు తప్పనిసరి. దానికి ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలన్నది చిరకాలంగా ఉన్న నిబంధన. దీనిని సడలించే ప్రతిపాదన 2025లో చర్చకు వచ్చినది. కనుక చేరే సమయంలో అమలులో ఉన్న నిబంధనను డి.జి.సి.ఎ. ప్రకటనలలో స్వయంగా చూచుకొనుట మేలు.

విమానం నడపడం చేతి నేర్పు మాత్రమే అని భావించుట పొరపాటు. దిక్కులను, దూరాలను లెక్కించే నావిగేషన్, మేఘాల గతిని తెలిపే వాతావరణశాస్త్రం, వైమానిక నియమాలు, విమాన యంత్ర పరిజ్ఞానం అనే విషయాలలో వ్రాత పరీక్షలుంటాయి. ప్రతి పరీక్షలోను నూటికి 70 మార్కులు రావాలి. రేడియోలో మాట్లాడుటకు ప్రత్యేక ధ్రువపత్రం కావాలి. ఆంగ్లంలో స్పష్టంగా విని, స్పష్టంగా బదులు చెప్పే శక్తి కూడ పరీక్షింపబడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు భయపడనక్కరలేదు. రేడియోలో వాడే మాటలు పరిమితం, వాక్యాలు నియతం. అభ్యాసంతో అవి తప్పక పట్టుబడుతాయి.

మూడవ కొలత - ధనం

వాణిజ్య లైసెన్సుకు మొత్తం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో 100 గంటలు తానే బాధ్యత వహించి నడపాలి. కనీసం 300 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 555 కిలోమీటర్లు సాగే ఒక దూరప్రయాణం చేయాలి. రాత్రివేళ నడిపిన అనుభవం, కేవలం పరికరాలను చూచి నడిపిన అనుభవం కూడ నిర్ణీత గంటల మేరకు ఉండాలి.

ఖర్చు ప్రధానంగా ఈ గంటల మీదనే ఆధారపడి ఉంటుంది. ఒక ఉదాహరణ చూతము. ఒకే ఇంజను గల చిన్న విమానానికి గంటకు 17,000 రూపాయలు, రెండు ఇంజన్ల విమానానికి గంటకు 40,000 రూపాయలు అనుకొందము. మొదటిది 185 గంటలు నడిపితే 31 లక్షల 45 వేలు, రెండవది 15 గంటలు నడిపితే 6 లక్షలు అవుతుంది. ఈ రెండూ కలిపి 37 లక్షల 45 వేల రూపాయలు. హైదరాబాదులో బస, భోజనాలకు నెలకు 10,000 చొప్పున రెండేళ్ళకు 2 లక్షల 40 వేలు. తరగతులు, పుస్తకాలు, పరీక్ష రుసుములు, వైద్యపరీక్షలు, దుస్తులు, హెడ్‌సెట్ మొదలగువాటికి మరి నాలుగైదు లక్షలు. మొత్తం సుమారు 45 లక్షల రూపాయలవుతుంది. సంస్థను బట్టి ఈ మొత్తం పెరుగవచ్చును.

ఇంతటితో ఖర్చు ముగియదు. పెద్ద విమాన సంస్థలలో చేరుటకు ఎయిర్‌బస్, బోయింగ్ వంటి ఒక ప్రత్యేక రకం విమానంపై శిక్షణ పొందాలి. దీనిని టైప్ రేటింగ్ అంటారు. దీనికి మరి 15 లక్షలు, అంతకు మించి కూడ కావచ్చును. విమాన సంస్థలే అభ్యర్థులను ఎంపిక చేసి, మొదటి నుండి చివరి వరకు శిక్షణ ఇప్పించే పథకాలు కొన్ని ఉన్నవి. వాటి వ్యయం కోటి రూపాయల దరిదాపులకు చేరుతుంది.

ఇంత ఖర్చు ఎందుకవుతుందని మీకు సందేహం కలుగవచ్చును. చిన్న శిక్షణ విమానం గంటకు ఇరవై లీటర్లకు పైగా ఇంధనం వాడుతుంది. వీటిలో చాలావాటికి కావలసిన ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలును మన దేశం చిరకాలం దిగుమతి చేసుకొన్నది. 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలో దాని ఉత్పత్తిని ప్రారంభించినది. ఇంధనంతో పాటు బోధకుని జీతం, బీమా, నిర్ణీత గంటలకొకసారి చేసే తనిఖీ, సుమారు రెండు వేల గంటల తరువాత ఇంజనును పూర్తిగా విప్పి బాగుచేయు ఖర్చు - ఇవన్నీ గంట వెలలోనే చేరి ఉంటాయి. చౌకగా గంటలు ఇస్తామనేవారిని, ఈ ఖర్చులలో దేనిని తగ్గించి ఇస్తున్నారో అడుగుట విద్యార్థి హక్కు.

అప్పు చేయవచ్చునా?

పత్తి, మిరప పండించి ఏనుమాముల మార్కెట్టులో అమ్ముకొనే రైతు కుటుంబానికి 45 లక్షలు అంటే తరతరాల భూమి వెల. కనుక అప్పు లెక్కను స్పష్టంగా చూడాలి. 45 లక్షలను ఏటికి 10 శాతం వడ్డీతో పదేళ్ళలో తీర్చదలచితే, నెలకు సుమారు 59,500 రూపాయలు చెల్లించాలి. పదేళ్ళకు చెల్లించే మొత్తం 71 లక్షలు దాటుతుంది. చదివే కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. పెద్ద విద్యారుణాలకు బ్యాంకులు సాధారణంగా ఆస్తిని హామీగా అడుగుతాయి. ఆ ఆస్తి ఇంటిల్లిపాదికి ఉన్న ఒకే ఆధారమైనచో, ఈ నిర్ణయం విద్యార్థి ఒక్కనిది కాదు, ఇంటివారందరిది.

లైసెన్సు చేతికి రాగానే ఉద్యోగం సిద్ధంగా ఉండదు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో తమ విమానాలను నిలిపివేసినవి. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా ప్రయాణికుల విమానాలు ఆగిపోయినవి. మరొక వైపు, 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాల కొనుగోలుకు ఒప్పందాలు ప్రకటించినవి. ఈ వృత్తిలో వెన్నెల రోజులున్నవి, చీకటి రోజులున్నవి. చీకటి రోజులలో కూడ లైసెన్సును సజీవంగా ఉంచుకొనుటకు విమానం నడుపుతూనే ఉండాలి, దానికీ డబ్బు కావాలి.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుని కథ మీరు విన్నదే. సిద్ధుడిచ్చిన పాదలేపంతో ప్రవరుడు క్షణంలో హిమాలయం చేరినాడు. మంచునీటికి ఆ లేపం కరిగిపోగా తిరిగి రాలేక చిక్కుపడినాడు. వెళ్ళుటకు సాధనం చూచుకొని, మరలి వచ్చుటకు చూచుకొనకపోవుట అతని లోపం. గమ్యం చేరుటకు కావలసినదానికంటె అదనంగా ఇంధనం ఉంచుకోనిదే పైలెట్ నేలను విడువరాదు. ధనం విషయంలోను ఇదే నియమం. చివరి రూపాయిని కూడ శిక్షణలో పెట్టి, ఉద్యోగం కొరకు ఎదురుచూచే రెండేళ్ళకు ఏమీ మిగల్చుకోనివారిది ప్రవరుని స్థితియే.

పేదవారికి దారి లేదా?

ఉన్నది. కాని అది పొడవైన దారి. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ పనివాని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా దాతల సహాయంతో బేగంపేటలోని అకాడమీలో శిక్షణ పొంది, 2013లో వాణిజ్య లైసెన్సు సాధించినది. తరువాతి శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం 30 లక్షల రూపాయలకు పైగా సహాయం మంజూరు చేసినది. ఆమె పట్టుదల ఎంత గొప్పదో, లైసెన్సు వచ్చిన తరువాత కూడ ధనాభావం ఆమెను ఎంతకాలం ఆపినదో గమనించుట అంతే ముఖ్యం. షెడ్యూల్డు కులాల విద్యార్థుల కొరకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉపకారవేతనాలలో పైలెట్ శిక్షణకు కూడ చోటు కల్పింపబడినది. అయితే ఆ సహాయం మొత్తం ఖర్చుకు సరిపోదు.

రూపాయి ఖర్చు లేకుండా విమానం నడపడం నేర్చుకొనే మార్గం సాయుధ దళాలది. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతికశాస్త్రాలు చదివినవారు జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశపరీక్ష వ్రాయవచ్చును. 2022 నుండి యువతులకు కూడ అందులో ప్రవేశం కలిగినది. పట్టభద్రులకు వైమానికదళ ప్రవేశపరీక్ష ఉన్నది. శిక్షణ ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. బదులుగా అది మన నుండి కోరేది దేశసేవ, క్రమశిక్షణ. భారతీయులలో తొలి వ్యోమగామి రాకేశ్ శర్మ హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, ఈ మార్గానే వైమానికదళంలో చేరి, 1984లో అంతరిక్షాన్ని అందుకొన్నాడు. కళాశాలలో ఎన్.సి.సి. వైమానిక విభాగం ఉన్నచో అందులో చేరుట మంచి ఆరంభం.

విమానాన్ని నడపకపోయినను విమానలోకంలో జీవింపవచ్చును. విమానాలను బాగుచేయు ఇంజనీరు, ఆకాశమార్గాలను నియంత్రించే అధికారి, డ్రోన్లను నడిపే పైలెట్ - ఇవన్నీ గౌరవప్రదమైన వృత్తులే. 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండి, పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు డ్రోన్ పైలెట్ ధ్రువపత్రం పొందవచ్చును. దాని ఖర్చు వేలలోనే ఉంటుంది.

నాల్గవ కొలత - కాలం

ప్రకటనలలో పన్నెండు నెలలని చెప్పినను, మన దేశంలో 200 గంటలు పూర్తియగుటకు రెండేళ్ళు పట్టుట సాధారణం. వర్షాకాలంలో మేఘాలు, చలికాలపు ఉదయాలలో పొగమంచు శిక్షణను నిలిపివేస్తాయి. విమానం మరమ్మతులో ఉంటుంది, బోధకుడు మారిపోతాడు. నిలిచిన ప్రతి నెలకు హాస్టలు ఖర్చు, వడ్డీ నిలువవు. ఈ కారణంగానే పలువురు అమెరికా, దక్షిణాఫ్రికా వంటి దేశాలకు వెళ్ళుచున్నారు. అక్కడ పొందిన లైసెన్సును మన దేశపు లైసెన్సుగా మార్చుకొనుటకు మరల పరీక్షలు వ్రాయవలసి ఉంటుందని మరువరాదు.

సంస్థలో చేరుటకు ముందు స్వయంగా వెళ్ళి చూడాలి. అది డి.జి.సి.ఎ. ఆమోదం గల సంస్థయేనా? ఎగురగల స్థితిలో ఉన్న విమానాలెన్ని? విద్యార్థులెందరు? గత సంవత్సరం ఎందరు శిక్షణ పూర్తి చేసినారు? ఈ ప్రశ్నలకు జవాబులు అక్కడ చదువుతున్న విద్యార్థుల నుండి కూడ రాబట్టాలి. మొత్తం రుసుము ఒకేసారి చెల్లించక, నడిపిన గంటలను బట్టి వాయిదాలలో చెల్లించుట క్షేమం. మధ్యలో మానితే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద వ్రాయించుకోవాలి. 2025లో డి.జి.సి.ఎ. శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించుట ప్రారంభించినది. ఆ జాబితా కూడ పరిశీలింపదగినది.

వెల కట్టలేనిది

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ రూపాయలలో ఉన్నవి. రూపాయలలో చెప్పలేనిది ఒకటున్నది. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో శిక్షణ విమానం కూలి ఇద్దరు యువ పైలెట్లు మరణించినారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో మరొక శిక్షణ విమానం కూలి ఒక యువ పైలెట్ అసువులు బాసినది. ఈ విషయాలు మిమ్ము భయపెట్టుటకు చెప్పుట లేదు. వాతావరణం అనుకూలంగా లేనప్పుడు, విమానంలో లోపం తోచినప్పుడు 'నేడు ఎగురను' అని చెప్పగల ధైర్యం పైలెట్‌కు మొదటి లక్షణమని తెలియజేయుటకే చెబుతున్నాను. గంటలు పూర్తి కావాలన్న తొందర, అప్పు పెరుగుతున్నదన్న ఆందోళన ఆ ధైర్యాన్ని హరిస్తాయి. ధనం విషయంలో ముందుచూపు ఉన్న విద్యార్థి ఆకాశంలో కూడ నిబ్బరంగా నిర్ణయం తీసుకోగలడు.

అడ్డదారి కూడ ప్రాణాంతకమే. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు సంపాదించిన కొందరు పైలెట్లు పట్టుబడినారు. పరీక్షలో కొలత తప్పించుకొన్నవానిని ఆకాశం మరల పరీక్షిస్తుంది. అప్పుడు అతని వెనుక కూర్చున్న ప్రయాణికులు కూడ ఆ పరీక్షకు బలి కావచ్చును.

రామప్ప స్థపతులు శిఖరం ఎత్తును తలచుటకు ముందు పునాది బలాన్ని కొలిచినారు. మీరును అట్లే చేయుడు. వైద్యపరీక్షతో మొదలిడుడు. తల్లిదండ్రులతో కూర్చుండి లెక్క వ్రాయుడు. లెక్క కుదిరితే నిర్భయంగా ముందుకు సాగుడు. కుదరనిచో సాయుధ దళాల మార్గమో, విమానలోకంలోని మరొక వృత్తియో ఎన్నుకొనుడు. కోరికకు కొలత తోడైనప్పుడే అది రెక్కగా మారుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

మానం : కొలత
స్థపతి : ఆలయ నిర్మాణం చేయు శిల్పి
నిద్రాణం : నిద్రలో ఉన్నది, పనిచేయక ఉన్నది
నియతం : నియమంతో కూడినది
ధనాభావం : ధనం లేకపోవుట
అసువులు : ప్రాణాలు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. పైలెట్ కాదలచిన విద్యార్థి కొలుచుకోవలసిన నాలుగు అంశాలను వివరింపుడు.
2. ప్రవరుని వృత్తాంతాన్ని రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించినాడు? దాని ఔచిత్యాన్ని చర్చింపుడు.

II. సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. శిక్షణ విమానానికి గంట వెల ఎక్కువగా ఉండుటకు కారణాలేవి?
2. 'నేడు ఎగురను' అనుట ధైర్యమని రచయిత ఎందుకు అన్నాడు?
3. ఖర్చు లేకుండా విమానం నడపడం నేర్చుకొనే మార్గమేది?

III. విడదీసి, సంధి పేరు వ్రాయండి.
దేవాలయం, హిమాలయం, ధనాభావం, ప్రాణాంతకం, ప్రత్యేక

IV. మీ ప్రాంతంలోని ఒక వృత్తిని ఎన్నుకొని, దానిని నేర్చుకొనుటకు పట్టే ధనం, కాలం ఎంతో తెలుసుకొని, ఒక పుటకు మించకుండ వ్రాయండి.